గుండె దడ దేనికి? కడపలో నా పరిశోధన అనుభవం

పోటీకి ముందు ఆడపిల్లలకు కలిగే ఆందోళన మీద పీహెచ్‌డీ చేస్తానని సైకాలజీ విభాగంలో సినాప్సిస్ ఇచ్చాను. తీరా థీసిస్ పూర్తయ్యేసరికి అందులో ఒక అధ్యాయమంతా హిమోగ్లోబిన్ గురించే ఉంది. ఇంకో అధ్యాయం తిండి గురించి, నెలసరి గురించి. మనసు మీద మొదలైన పని ఒంటి దాకా ఎలా వెళ్లిందో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. కడప, అనంతపురం వైపు నుంచి సైకాలజీలోనో వ్యాయామ విద్యలోనో పీజీ చేసినవాళ్లు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "అక్కా, స్పోర్ట్స్ సైకాలజీలో రీసెర్చ్ చేయాలంటే ఎట్లా?" అని అడుగుతుంటారు. ఫోన్‌లో చెప్పడం కుదరనివన్నీ ఇక్కడ చెబుతాను.

ఎంట్రన్సు, ఇంటర్వ్యూ, కోర్స్‌వర్క్ అందరికీ ఉండేవే. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. అందులో పెద్ద భాగం అనుమతులకే పోతుందని ముందే లెక్కేసుకుని దిగితే మంచిది. మా గైడ్ మేడమ్‌ది క్లినికల్ సైకాలజీ. నేను కాలేజీ రోజుల్లో వాలీబాల్ ఆడినదాన్ని. మొదటి రోజే ఆమె ఒక మాటన్నారు: "ఆట గురించి నువ్వు నాకు చెప్పు. మనసు సంగతి నేను చూసుకుంటా. ఒంటి సంగతి ఇద్దరం కలిసి ఎవరైనా డాక్టర్ని అడుగుదాం." ఆ మూడో మాట ఎంత ముఖ్యమో తర్వాత తెలిసింది.

ఆందోళనను కొలవడానికి ఈ రంగంలో చాలాకాలంగా వాడుతున్న ప్రశ్నావళి ఒకటుంది, కాంపిటీటివ్ స్టేట్ యాంగ్జైటీ ఇన్వెంటరీ-2. రెయినర్ మార్టెన్స్ బృందం 1990లో ప్రచురించిన రూపంలో 27 ప్రశ్నలుంటాయి. 2003లో దాన్ని సవరించి 17కు కుదించారు. అందులో మూడు భాగాలు. మనసులో మెదిలే దిగులు ఒకటి, ఒంట్లో కనిపించే లక్షణాలు రెండోది, తన మీద తనకున్న నమ్మకం మూడోది. గుండె వేగంగా కొట్టుకుంటోందా, ఒళ్లు బిగుసుకుపోయినట్టుందా, చేతులు చెమటలు పడుతున్నాయా లాంటివి రెండో భాగంలోవి. తెలుగులోకి తేవడం, ఇద్దరు ముగ్గురు నిపుణులకు చూపించడం, కొద్దిమంది పిల్లల మీద పరీక్షించడం పద్ధతి ప్రకారం చేశాం. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2019లో అత్యున్నత స్థాయి (ఎలీట్) క్రీడాకారుల మానసిక ఆరోగ్యం మీద ప్రకటన ఇచ్చాక, దానికి అనుబంధంగా ఒక అంచనా విధానాన్ని కూడా తయారు చేసింది. అది వాడదామనుకున్నాను. కానీ అది 16 ఏళ్లు నిండినవాళ్ల కోసం. మన దగ్గర జిల్లా జట్లలో, రాష్ట్ర జట్లలో ఆడే అమ్మాయిల్లో చాలామందికి పద్నాలుగు, పదిహేనేళ్లే. అందుకే మానసిక కుంగుబాటుకు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రాన్ని, అందులోనూ కౌమారంలో ఉన్న పిల్లలకు తగినట్టు మార్చిన రూపాన్ని తీసుకున్నాను.

ఎథిక్స్ కమిటీ దగ్గరకు వెళ్లేసరికి ఇవన్నీ సిద్ధంగా ఉన్నాయి. సైకాలజీలో ప్రశ్నావళి పరిశోధనలంటే కమిటీలు పెద్దగా అడ్డు చెప్పవని సీనియర్లు అన్నారు. కానీ ఆ రోజు కమిటీలో ఒక పెద్దాయన ఉన్నారు, జనరల్ మెడిసిన్ డాక్టరు. నా కాగితాలు తిరగేసి, రెండో భాగం ప్రశ్నల దగ్గర ఆగారు.

"గుండె దడగా ఉంది అని అమ్మాయి రాస్తుంది. అది భయం వల్లనో, రక్తం తక్కువై వచ్చిందో నువ్వెట్లా చెప్తావమ్మా?"

గైడ్ మేడమ్ నా వైపు చూశారు. నా దగ్గర జవాబు లేదు, ఆ ప్రశ్నావళి దగ్గరా లేదు. ఇంటికొచ్చి లెక్కలు చూశాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే కొంచెం శ్రమకే గుండె వేగం పెరుగుతుంది, ఆయాసం వస్తుంది, నీరసంగా ఉంటుంది, ధ్యాస నిలవదు. ఆందోళన లక్షణాల జాబితాలోనూ దాదాపు ఇవే ఉంటాయి. అంటే నేను ప్రశ్నావళి ఒక్కటే పట్టుకుని వెళ్తే, రక్తం తక్కువున్న పిల్లను పిరికిదని కాగితం మీద రాసి వచ్చే ప్రమాదం ఉంది. ఆ అమ్మాయికి ఐరన్ మాత్ర అవసరమైన చోట శ్వాస వ్యాయామాలు నేర్పించమని సిఫారసు చేసేదాన్ని.

ఇలాంటి విషయాల్లో మన పరిశోధనలు ఎక్కడ తప్పుతున్నాయో నాకు అప్పుడు అర్థమైంది. సైకాలజీ వాళ్లు మనసును కొలుస్తారు, వైద్యులు రక్తాన్ని కొలుస్తారు, కోచ్‌లు టైమింగునూ బరువునూ కొలుస్తారు. ముగ్గురూ కొలిచేది ఒకే అమ్మాయిని. ఆ కాగితాలు మూడూ ఒక బల్ల మీదకు రావు.

సినాప్సిస్ మార్చి, రక్త పరీక్ష చేర్చి, మళ్లీ కమిటీకి పెట్టాం. వేలి చివర గుచ్చి చూసే పద్ధతి కంటే నరం నుంచి తీసి ల్యాబులో చేసే పరీక్ష నమ్మదగినది కాబట్టి దానికే అనుమతి అడిగాం. ఫెరిటిన్ కూడా చూస్తే ఒంట్లో ఐరన్ నిల్వలెంతో తెలిసేది. అంత డబ్బు నా దగ్గర లేదు. ఫెలోషిప్ లేని పరిశోధకులు ఇలాంటి చోట సర్దుకోక తప్పదు, అలా సర్దుకున్నామని థీసిస్‌లో రాయకా తప్పదు.

కమిటీ ఇంకో షరతు కూడా పెట్టింది. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న ప్రాణం తీసుకోవాలనే ఆలోచనల గురించి. ఎవరైనా అక్కడ సున్నా (అంటే అసలు లేవని) కాక ఇంకో అంకె వేస్తే ఏం చేస్తావో ముందే రాసివ్వమన్నారు. రాసిచ్చాం. ఆ రోజు కాగితాలు ఆ రోజే, పిల్లలు గ్రౌండ్ వదిలి వెళ్లకముందే చూడాలి. అలా ఎవరైనా కనిపిస్తే అప్పటికప్పుడు విడిగా మాట్లాడాలి, కౌన్సిలర్‌కు అప్పగించాలి, అమ్మాయికి చెప్పిన తర్వాతే ఇంట్లోవాళ్లకు తెలపాలి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ప్రతి పిల్ల చేతిలో చీటీ రాసి పెట్టాలి. ఇదంతా కాగితాల తంతే అనుకునేవాళ్లు కొందరుంటారు. ఒక సాయంత్రం నాకు అలాంటి అంకె కనిపించింది. ఆ అమ్మాయి గురించి ఇంతకంటే రాయను. రాసిపెట్టుకున్న పద్ధతి ఉండబట్టి ఆ గంటలో ఎవరికి ఫోన్ చేయాలో వెతుక్కోవాల్సిన పని పడలేదు. ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్లు దయచేసి కాగితాలను బ్యాగులో వేసుకుని ఇంటికెళ్లి వారం తర్వాత చూడకండి.

తర్వాతిది సమ్మతి పత్రాల పని. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లయితే అమ్మానాన్నల సమ్మతి కావాలి, 12 దాటిన పిల్లల అంగీకారం కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి. చదవడం రానివాళ్లయితే సంబంధం లేని సాక్షి ఒకరుండాలి. మా వైపు దీనికి తోడు ఇంకో సంగతుంది. రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో కువైట్‌కు ఎవరూ పోని ఇల్లు అరుదు. ఒక అమ్మాయి తల్లి అక్కడ ఇంటిపనిలో ఉంది. తండ్రి లారీ మీద పోతాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంట్లో అవ్వ ఒక్కతే.

అవ్వ అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. నేను కాగితం చదివి వినిపిస్తుంటే చేతిపని ఆపకుండానే వింది. రక్తం అనగానే ఆపింది.

"ఎంత తీస్తారమ్మా? ఆడే పిల్ల, సత్తువ పోదా?"

రెండు మిల్లీలీటర్లని చెప్తే ఆమెకు అర్థం కాదని, చిన్న గొట్టం చూపించాను. దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఇంతేనా" అంది. వేలిముద్రకు సిద్ధపడింది గానీ ఆమె సమ్మతి చాలదు. అమ్మానాన్నల్లో ఒకరు ఒప్పుకోవాలి. దూరాన ఉన్న తల్లిదండ్రులతో వీడియో కాల్‌లో మాట్లాడి, సంతకం చేసిన పత్రం ఫొటో తెప్పించుకోవడానికి కమిటీ దగ్గర ముందే అనుమతి తీసుకున్నాను. ఆ తల్లికి పనిలో తీరిక దొరికేది అర్ధరాత్రే. అవ్వ పక్కన కూర్చునే ఉంది. నేను పత్రం మొత్తం చదివాను. పరిశోధన దేనికి, ఎప్పుడైనా మానుకోవచ్చు, జవాబులు కోచ్‌కు చెప్పం, ప్రాణానికి ముప్పు అనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్లకు చెప్తాం అన్నీ చెప్పాను. ఏమైనా అడగాలా అంటే ఆమె అడిగింది ఒక్కటే: "మేడమ్, మా పాప ఆడ కడుపునిండా తింటాందా?"

నా ప్రశ్నావళిలో ఆ ప్రశ్న లేదు. ఆ మర్నాడే దాన్ని ఇంటర్వ్యూ ప్రశ్నల్లో మొట్టమొదటిదిగా చేర్చమని గైడ్ మేడమ్‌కు చెప్పి, కమిటీకి సవరణ పంపాను.

శిక్షణ కేంద్రాల పేర్లు ఇక్కడ రాయను, పిల్లలకు ఇచ్చిన మాటల్లో అదొకటి. ఒక చోట కోచ్ సార్ తాను పక్కనుంటేనే ఫారాలు నింపిస్తానన్నారు. ఆయన భయం న్యాయమైనదే. బయటివాళ్లు వచ్చి ఏవో అడిగి, సెలక్షన్ల ముందు పిల్లల మనసు చెదరగొడతారని ఆయన బాధ. టెన్షన్ గురించి అడిగితే లేని టెన్షన్ పుడుతుందని మన దగ్గర చాలామంది కోచ్‌ల నమ్మకం. కానీ జట్టులో చోటు ఇచ్చే మనిషి ఎదురుగా ఉంటే ఏ పిల్లయినా "నాకు భయంగా ఉంది" అని రాస్తుందా? ఆయనతో రెండు మూడు సార్లు కూర్చుని మాట్లాడాను. ప్రశ్నలన్నీ ముందుగా చూపించాను. జట్టు మొత్తం ఫలితం చెప్తాను, ఒక్కొక్కరిది మాత్రం చెప్పనని రాసిచ్చాను. చివరికి గ్రౌండ్ అవతలి చింతచెట్టు కింద ఆయన, ఇవతల గదిలో మేము. అలా కుదిరింది.

ఉదయం ప్రాక్టీస్ అయ్యాక పిల్లలు గచ్చు మీద కూర్చుని నింపేవాళ్లు. ఎక్కువమంది చకచకా నింపి లేచేవాళ్లు. ఒక రన్నర్ మాత్రం గుండె దడ ప్రశ్న దగ్గర పెన్ను పెట్టి అలాగే ఉండిపోయింది. పిలిస్తే దగ్గరకొచ్చి అడిగింది.

"అక్కా, ఇప్పుడు ఎట్లుందో రాయమన్నారు కదా. నాకు ఎప్పుడూ అట్లనే ఉంటుంది. హాస్టల్ మెట్లెక్కినా అంతే. ఏం రాయాల?"

నిజంగా ఇప్పుడు ఎలా ఉందో అదే రాయమన్నాను. రాసి ఇచ్చింది. ఆ వారంలో ల్యాబు నుంచి వచ్చిన రిపోర్టులో ఆమె హిమోగ్లోబిన్ 12కు చాలా కిందుంది. ఆ వయసు అమ్మాయిలకు డెసిలీటరుకు 12 గ్రాముల లోపుంటే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత. రెండేళ్లుగా ఆమెకు "పెద్ద మీట్‌లలో భయపడుతుంది" అని పేరు. రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. భయం అసలు లేదని నేను అనడం లేదు, ఆ వయసులో ఎవరికి ఉండదు? కానీ ఆ పిల్లకు ముందు కావలసింది వైద్యం.

బరువు తరగతులున్న ఆటల సంగతి ఇంకా లోతైనది. వెయిట్‌లిఫ్టింగ్ చేసే అమ్మాయిలకు కరణం మల్లీశ్వరి పేరు చెప్తే చాలు, 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అని గడగడా చెప్తారు. 2024 పారిస్‌లో కుస్తీలో వినేశ్ ఫోగట్ వంద గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్ పోగొట్టుకున్న సంగతి అంతకంటే వేగంగా చెప్తారు. ఆ వంద గ్రాములు ఆ పిల్లల మనసులో అలా నాటుకుపోయాయి. వెయిట్‌లిఫ్టింగ్‌లో పోటీకి రెండు గంటల ముందు తూకం మొదలవుతుంది. నేను అదే ప్రశ్నావళిని తూకానికి ముందొకసారి, తూకం అయ్యాక ఇంకోసారి ఇచ్చాను. చాలామందిలో దిగులు మార్కులు తూకానికి ముందే ఎక్కువ. బరువెత్తాల్సిన సమయం దగ్గరపడుతుంటే పెరగాల్సింది, తగ్గింది. వాళ్లు భయపడుతున్నది పోటీకి కాదు, తూకం మిషన్‌కు.

ఆ భయంతో ఏం చేస్తారో కడప ఎండలు తెలిసినవాళ్లకు చెప్తే నమ్మబుద్ధి కాదు. మిట్టమధ్యాహ్నం ఉన్ని స్వెటరు మీద రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తడం, ముందురోజు నుంచి నీళ్లు ముట్టకపోవడం, నోట్లో ఉమ్మి కూడా మింగకుండా ఊస్తూ ఉండటం. హాస్టల్‌లో సంగటి ముద్ద పెట్టినా సగం పక్కన పెట్టేస్తారు. ఒకమ్మాయి చాలా మామూలుగా అంది: "నాకు నాలుగు నెలల నుంచి రావట్లేదక్కా. మంచిదే కదా, ప్రాక్టీసుకు అడ్డం ఉండదు."

అది మంచిది కాదు. తినేది తక్కువై, ఖర్చయ్యే శక్తి ఎక్కువైతే శరీరం ఒక్కొక్క పనినే ఆపేస్తుంది. నెలసరి ఆగిపోవచ్చు. ఎముకలు బలహీనపడతాయి, చిన్న దెబ్బలకే పగుళ్లొస్తాయి, జబ్బులు తొందరగా పట్టుకుంటాయి. ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. 2023లో ఆ పత్రాన్ని సవరించినప్పుడు మానసిక సమస్యలు దీని ఫలితం మాత్రమే కాదు, కారణం కూడా కావచ్చని రాశారు. బరువు గురించిన బెంగతో తిండి మానేస్తారు, తిండి లేక బెంగ ఇంకా పెరుగుతుంది. నేను గదిలో కూర్చుని వింటున్నది సరిగ్గా ఇదే. ఆ అమ్మాయిని, ఆమె ఒప్పుకున్నాకే, స్త్రీల వైద్యురాలి దగ్గరకు పంపాం.

ఇంటర్వ్యూలు సగంలో ఉండగా 2025 మహిళల క్రికెట్ ప్రపంచకప్ వచ్చింది. మా కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి శ్రీచరణి భారత జట్టులో బౌలర్. అక్టోబరు 30న సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియా మీద 127 నాటౌట్ కొట్టిన జెమీమా రోడ్రిగ్స్, టోర్నీ మొదట్లో తాను తీవ్రమైన ఆందోళనతో బాధపడ్డానని, అమ్మకు ఫోన్ చేసి ఏడ్చేదాన్నని విలేకరుల ముందే చెప్పింది. మూడు రోజుల తర్వాత ఆ జట్టే కప్పు గెలిచింది. నేను ఎన్ని పత్రాలు చూపించి చెప్పినా రాని మార్పు ఆ వీడియో తెచ్చింది. అంతవరకు "ఏం లేదక్కా, అంతా బాగుంది" అని దాటేసిన పిల్లలు తామే వచ్చి మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక కోచ్ ఆ వీడియోను జట్టు వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

విశ్లేషణ గురించి ఎక్కువ చెప్పను. నా శాంపిల్ చిన్నది, ఒకే ప్రాంతానిది, ఇది దీనివల్లే అని తేల్చగల డిజైన్ కాదు. కనిపించింది మాత్రం ఇది. రక్తం తక్కువున్న అమ్మాయిల్లో ప్రశ్నావళిలోని ఒంటి లక్షణాల మార్కులు ఎక్కువున్నాయి, మనసులో దిగులు మార్కుల్లో అంత తేడా లేదు. అంటే మొత్తం మార్కు ఒక్కటే చూసి "ఆందోళన ఎక్కువ" అని ముద్ర వేయకూడదు. ఆ భాగాలను విడివిడిగా చూడాలి, పక్కన రక్త పరీక్ష ఉండాలి.

రాతపని కంటే కష్టమైంది, అది ఏ విభాగం పనో ఒప్పించడం. ప్రీ-సబ్మిషన్ సెమినార్‌లో ఒకరు ఇది వైద్యం అన్నారు, ఇంకొకరు వ్యాయామ విద్య అన్నారు. ఒక పత్రికకు వ్యాసం పంపితే మా పరిధిలోకి రాదని తిప్పి పంపారు, ఇంకో పత్రిక కూడా అదే మాట చెప్పింది. సూపర్‌వైజరుగా ఒక్క విభాగం వాళ్లే ఉండాలనే పద్ధతి ఉన్నంతకాలం ఇలాంటి పని చేసేవాళ్లు అందరి గుమ్మాల దగ్గరా నిలబడాల్సిందే. విశ్వవిద్యాలయాలు కో-గైడ్‌గా ఒక డాక్టరును పెట్టుకోనిస్తే సగం కష్టం తీరుతుంది. మీరు చేరే ముందే మీ విశ్వవిద్యాలయంలో అలా కుదురుతుందా అని అడిగి తెలుసుకోండి.

వైవాకు ముందే ఫలితాలు పిల్లలకు తిరిగి చెప్పాలని పట్టుబట్టాను. రక్తం ఇచ్చినవాళ్లకు తమ రిపోర్టు చేతికందాలి కదా. ఎవరిది వాళ్లకు, ఇంట్లోవాళ్లకు విడిగా ఇచ్చాం. కోచ్‌లకు జట్టు మొత్తం లెక్క మాత్రమే. అందరి ముందూ వరుసలో నిలబెట్టి బరువు చూసి గట్టిగా చదివే అలవాటు ఒక కేంద్రంలో ఉండేది. లెక్కలు చూశాక అక్కడి కోచ్ సార్ ఆ మిషన్‌ను లోపలి గదిలోకి మార్పించారు. ఏడాదికి రెండుసార్లు రక్త పరీక్ష చేయించడానికి దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో తామే మాట్లాడుకున్నారు. వీటికోసం ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.

నేను చేయలేకపోయింది చాలా ఉంది. మగపిల్లలను అసలు చూడలేదు. వాళ్లూ బరువు కోసం కడుపు మాడ్చుకుంటారు, వాళ్లకు నెలసరి లాంటి బయటి గుర్తు కూడా ఉండదు కాబట్టి ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. దెబ్బ తగిలి ఆట మధ్యలో ఆపేసి ఊళ్లకు వెళ్లిపోయిన అమ్మాయిలను కలవలేదు. సెలక్షన్ల ముందు రాత్రులు నిద్రపట్టని కోచ్‌ల ఆందోళనను కొలవలేదు. వీటిలో దేన్నైనా తీసుకోవాలని ఎవరికైనా ఉంటే, తెలుగు ప్రశ్నావళి, సమ్మతి పత్రాల నమూనాలు, తొమ్మిదో ప్రశ్న కోసం రాసుకున్న పద్ధతి, కువైట్‌లో ఉన్న తల్లిదండ్రుల కోసం కమిటీ ఇచ్చిన అనుమతి ప్రతి, అన్నీ ఇస్తాను.